తల వంచని నావికుడు

ఆస్ట్రేలియా ఖండమును ఓడపై చుట్టివచ్చి, దాని ఆకృతిని లోకమునకు తెలిపిన మాథ్యూ ఫ్లిండర్స్ 1774వ సంవత్సరమున ఇంగ్లండులోని డోనింగ్టన్ గ్రామమున జన్మించెను. తండ్రి వైద్యుడు. కాని రాబిన్‌సన్ క్రూసో కథ చదివిన ఆ బాలుని మనస్సు సముద్రముపైననే లగ్నమయ్యెను.

1801 ఏప్రిలులో వివాహమాడి, జూలైలో భార్యను విడిచి, ఇన్వెస్టిగేటర్ నౌకకు అధిపతియై అతడు బయలుదేరెను. శాస్త్ర పరిశోధనకు పోవు నౌకలను యుద్ధకాలమందును బాధింపరాదన్నది ఆనాటి రాజ్యముల మర్యాద. అందుచేతనే శత్రువులైన ఫ్రెంచివారు అతనికి రక్షణ పత్రము ఇచ్చిరి. ఆ మర్యాద ఎట్టిదో 1802లో సిడ్నీ రేవు చూచినది. ఫ్రెంచి నావికుడు బోదాన్ రోగపీడితులైన అనుచరులతో అచ్చటికి చేరగా, ఆంగ్లేయ గవర్నరు కింగ్ రోగులకు చికిత్స చేయించి, అధికారులను ఆదరించి, అతిథి ధర్మము నెరవేర్చెను.

ఫ్లిండర్సునకు ఆ భాగ్యము లభింపలేదు. ఇన్వెస్టిగేటర్ శిథిలమైనందున అతడు 29 టన్నుల కంబర్లాండ్ అను చిన్న ఓడలో స్వదేశమునకు మరలెను. ఓడ కారుచుండుటచే 1803 డిసెంబరులో, నేటి మారిషస్ అయిన ఫ్రెంచి ద్వీపమున ఆగెను. అప్పటికే యుద్ధము తిరిగి ఆరంభమైనది. అచ్చటి గవర్నరు దెకాన్, ఆ సంవత్సరమే పుదుచ్చేరిని స్వాధీనపరచుకొనుటకు వచ్చి, ఆంగ్లేయులు ఇయ్యనందున వెనుదిరిగినవాడు.

గవర్నరు దర్శనమునకై ఫ్లిండర్స్ చాలసేపు వేచియుండవలసి వచ్చెను. ఆ అవమానముతో లోనికి పోయిన అతడు టోపీ తీయలేదు. పిమ్మట గవర్నరు భార్య విందునకు పిలువగా, తాను స్వతంత్రుడైన పిదపనే వత్తునని నిరాకరించెను. దెకాన్ దీనిని ధిక్కారముగా భావించెను.

టోపీ ఒక్కటియే కారణమనుట న్యాయము కాదు. రక్షణ పత్రము ఇన్వెస్టిగేటరు పేరనున్నది. వచ్చినది వేరొక ఓడ. అందులో గవర్నరు కింగ్ స్వదేశమునకు వ్రాసిన సైనిక విషయముల లేఖలును ఉండెను. సందేహమునకు అవకాశము లేకపోలేదు. కాని సందేహమును తొలగించుకొనదగిన విందుబల్ల శూన్యమయ్యెను. ఒకడు ఆదరణ చూపవలసినపుడు అధికారము చూపెను. మరియొకడు ఓర్పు వహింపవలసినపుడు అభిమానము వహించెను.

ఫలితము ఆరున్నర సంవత్సరముల నిర్బంధము. 1807లో పారిసు నుండి విడుదల ఆజ్ఞ వచ్చినను దెకాన్ దానిని అమలు జరుపలేదు. 1810లో విముక్తుడై ఫ్లిండర్స్ ఇల్లు చేరునప్పటికి భార్యను విడిచి తొమ్మిదేండ్లు దాటినవి. అతని గ్రంథమునకు ముందే, 1811లో, ఫ్రెంచివారి పటము వెలువడెను. 1814 జూలై 18న అతని గ్రంథము వెలువడగా, మరునాడే నలువది యేండ్ల వయస్సున అతడు కన్నుమూసెను. మరుగుపడిన అతని సమాధి 2019లో లండనులో బయల్పడినది. 2024లో అతని అస్థికలకు జన్మగ్రామమున అంత్యక్రియలు జరిగినవి.

పరభూమిపై అడుగిడిన వానికి వినయమును, వానిని చూచు గృహస్థునకు ఓర్మియును ఎంత అవసరమో ఈ చరిత్ర తెలుపుచున్నది.