సోదరుల మరణం చూపిన బాట

మన నకరికల్లు విచారణలో పిల్లల పైచదువుల మాట వచ్చినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకొస్తారు. 1895లో భీమవరంలో జన్మించారు. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళారు. ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ చదివి, 1930లో, 35వ ఏట, హార్వర్డులో డాక్టరేటు పొందారు.

1945లో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకు మందైంది. కణాల్లో డి.ఎన్.ఏ. తయారీకి ఆ ఆమ్లం అవసరం. దాన్ని అడ్డుకునే మందునూ ఆ బృందమే రూపొందించింది. 1948లో బోస్టనులో రక్తకేన్సరు సోకిన కొందరు పసివారికి అది తాత్కాలికంగానైనా ఊరటనిచ్చింది. ఆ ఏడే ఆయన కన్నుమూశారు.

తల్లిదండ్రులారా, పరిశోధన చదువు ఆలస్యంగా ఫలిస్తుంది. పిల్లలను తొందరపెట్టకండి. సుబ్బారావుగారి చదువు తన సోదరులకు అందలేదు, ఎందరి బిడ్డలకో అందింది.