యౌవనస్థులను నమ్మిన బిషప్ అజరయ్య గారు



యెహోషువయు ఆయన కాలపు పెద్దలును గతించిన పిమ్మట, దేవుని కార్యములు తెలియని తరమొకటి వచ్చినదని న్యాయాధిపతుల గ్రంథము రెండవ అధ్యాయములో చూచుచున్నాము. ఆ భాగము చదివినప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపట్ల నున్న మన సంఘములే మాకు జ్ఞాపకము వచ్చుచున్నవి. ఒకప్పుడు చెరువు క్రింది సేద్యముతో బ్రదికిన మన గ్రామముల ప్రక్కన నేడు కర్మాగారములును, కళాశాలలును, ఔటర్ రింగు రోడ్డును వెలసినవి. మన బిడ్డలు తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కుచున్నారు. ఆదివారమున గుడిలో పెద్దల చోటు నిండుచున్నది. పడుచువారి చోటు వెలితిగా నున్నది. వారికి భక్తి లేదని మనము సులువుగా అనుచున్నాము. వారికి మన సంఘములో ఏ పని అప్పగించితిమని మాత్రము అడుగుకొనుట లేదు. అందుచేత ఈ నెల దోర్నకల్ బిషప్ అజరయ్య గారి జీవితమును మీ ముందు పెట్టుచున్నాము.

అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగష్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతమందలి వెళ్లాలన్‌విలై అను పల్లెలో, ఒక గ్రామ గురువు కుమారుడుగా జన్మించిరి. 1889లో తండ్రి మరణింపగా, ప్రార్థనాపరురాలైన తల్లి ఆయనను పెంచెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టము చేతికి రాలేదు. అయినను 1895లో వై.ఎం.సి.ఏ. వారు ఆ యువకుని కార్యదర్శిగా నియమించిరి. ఆయన సుమారు పదునాలుగేండ్లు దక్షిణ దేశమంతట తిరిగి, విద్యార్థులతో కూర్చుండి, వారి సందేహములు విని, వారితో ప్రార్థించిరి.

1902లో ఆయన యాళ్పాణమునకు వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు తామే సువార్తికులను పంపుచుండుట చూచిరి. తమ తిరునెల్వేలి సంఘము పెద్దదైనను, పాతదైనను, ఇతరులకు సువార్త పంపని సంఘమైనదే అని ఆయన హృదయము నొచ్చెను. మరుసటి యేట, ఇంకను ముప్పది యేండ్లు నిండక మునుపే, ఆయనయు ఆయన స్నేహితులును తిరునెల్వేలి భారతీయ మిషనెరీ సంఘమును స్థాపించిరి. మన దేశస్థులే పనివారు, మన కానుకలే ధనము, మన పెద్దలే నిర్వాహకులు అనునది దాని నియమము. ఆ సంఘము ఎన్నుకొన్న పొలము నిజాము రాజ్యమందలి దోర్నకల్. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో జాతీయ మిషనెరీ సంఘము స్థాపితమైనప్పుడును ఆయన అందు ముఖ్యులు.

అప్పుడు ఆయన మనస్సును ఒక ప్రశ్న తొలిచెను. ఇతరులను పొమ్మనుచు తాను మద్రాసులో నిలిచియుండుట న్యాయమా? 1909లో గురుపట్టము పొంది, పట్టణపు పనిని విడిచి, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరిరి. ముప్పదియైదేండ్ల ప్రాయమున తెలుగు అక్షరములు దిద్దుకొని, ఎడ్లబండిపై పల్లెలు తిరిగి, మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను బోధించిరి. వినువారు తన భాష నేర్చుకొనవలెనని ఆయన కూర్చుండలేదు.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ కూడెను. అక్కడ ఆయన పాశ్చాత్య మిషనెరీల త్యాగమునకు కృతజ్ఞత తెలిపి, త్యాగముతోపాటు స్నేహమును కూడ ఇండియా సంఘమునకు ఇయ్యవలెనని వేడుకొనిరి. ఆ మాట కొందరికి కష్టముగా తోచెను. ఆయనను బిషప్పుగా చేయుటకును అభ్యంతరములు లేచినవి. కాని మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు ఆయనను నమ్మిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో, ముప్పదియెనిమిదేండ్ల ప్రాయమున, అజరయ్య గారు ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడిరి.

తాను పొందిన నమ్మకమునే ఆయన ఇతరులకు పంచిరి. బాప్తిస్మము పొందినవారిచేత తమ చేయి తమ తలపై నుంచుకొనజేసి, సువార్త చాటు భారము తమదని ఒప్పించుచుండిరి. అక్షరము రాని కూలివాడు సయితము ఆ దినమే పనివాడాయెను. 1935 నాటికి ఆ అధ్యక్ష మండలములో 250 మంది భారతీయ గురువులును, 2,000కు పైగా గ్రామోపాధ్యాయులును ఉండిరి. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయములో గుమ్మటములును, మండపములవంటి స్తంభములును కలిసియున్నవి. క్రీస్తు మనకు పరదేశి కాడని ఆ రాళ్లే చెప్పుచున్నవి.

1919లో తరంగంబాడిలో సంఘముల ఐక్యతకై ఆరంభమైన ప్రయత్నమునకు ఆయన నాయకులైరి. దాని ఫలమును చూడకయే 1945 జనవరి 1వ తేదీన ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా, దోర్నకల్ ఆంగ్లికనులును మన మెదకు వెస్లియనులును ఒక్క కుటుంబమైరి.

ప్రియులారా, పౌలు యౌవనుడైన తిమోతిని ఎఫెసు సంఘముపై నిలిపెను. వయస్సునుబట్టి ఎవరును అతని తృణీకరింపకుండ చూచెను. మనమో, క్రిస్మసుకు రంగు కాగితములు కట్టుటకు మాత్రమే పడుచువారిని పిలుచుచున్నాము. కానుకల లెక్క, వాక్యపఠనము, సండే స్కూలు, రోగుల దర్శనము, సంఘ కమిటీలో ఒక చోటు, ఇవి వారి చేతికి ఇయ్యరాదా? తప్పులు చేయుదురు, మనమును చేసితిమి గదా. రాత్రి పనిచేసి వచ్చు బిడ్డ కొరకు సాయంకాలమొక కూటము పెట్టరాదా? వారి మాటలు మనకు క్రొత్తవైనచో, అజరయ్య గారివలె మనమే నేర్చుకొందము.

యౌవనస్థులారా, పిలుపు కొరకు కనిపెట్టుచు దూరముగా నుండకుడి. మీ ఊరి గుడికి వచ్చి పని అడుగుడి. పెద్దలారా, అడిగిన దినమున లేదనకుడి. వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక్క యౌవనుని ప్రక్కన కూర్చుండి, అతని వారము ఎట్లు గడిచినదో అడుగుడి. స్నేహము అక్కడనే మొదలగును. ప్రభువు మన సంఘములను తరతరములు నిలుపును గాక. ఆమేన్.