సలాం చెప్పడానికే బజారుకు వెళ్ళిన హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి)

జుమా ఖుత్బాలోనో, హదీసు పుస్తకంలోనో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) పేరు మనందరి చెవిన పడే ఉంటుంది. ఇస్లాం ఐదు స్తంభాల హదీసు పిల్లలకు మొదట్లోనే నేర్పిస్తారు కదా, అది కూడా ఆయన నుంచి వచ్చిందే. ఆయన పేరు చదివేసి మనం నేరుగా హదీసులోకి వెళ్ళిపోతాం. ఆ హదీసు చెప్పిన మనిషి ఎవరు, దాన్ని ఆయన తన ఇంట్లో, బజార్లో ఎలా పాటించారు అని ఆగి చూసేది తక్కువ. ఆయన ద్వారా 2,630 హదీసులు మనకు చేరాయి. హజ్రత్ అబూ హురైరా (రజి) తర్వాత అన్ని హదీసులు చెప్పిన సహాబీ ఇంకెవరూ లేరు.

ఆయన రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కొడుకు. దైవప్రవక్త (స) సతీమణి హజ్రత్ హఫ్సా (రజి) ఆయనకు సొంత అక్క. మదీనాకు వచ్చేసరికి పదకొండేళ్ళ పిల్లాడు. ఉహుద్ యుద్ధానికి వస్తానని ముందుకొచ్చారు, అప్పటికి పద్నాలుగేళ్ళే. చిన్నవాడివని ప్రవక్త (స) వెనక్కి పంపేశారు. ఖందక్ నాటికి పదిహేను నిండాయి, అప్పుడు అనుమతి దొరికింది.

పెళ్ళికాని రోజుల్లో ఆయన మస్జిదె నబవీలోనే పడుకునేవారు. ఒక రాత్రి కలలో ఇద్దరు దైవదూతలు తనను నరకాగ్ని దగ్గరికి తీసుకెళ్ళినట్టు కనిపించింది. భయంతో అక్కకు చెప్పుకున్నారు, అక్క ప్రవక్త (స)కు చెప్పారు. అబ్దుల్లాహ్ మంచివాడే, రాత్రిపూట కూడా నమాజు చేస్తే ఎంత బాగుండును అని ప్రవక్త (స) అన్నారు. అంతే, ఆ తర్వాత జీవితాంతం ఆయన రాత్రుళ్ళు నిద్రపోయింది కొద్దిసేపే.

ప్రవక్త (స) వెళ్ళిపోయాక ఇబ్నె ఉమర్ (రజి)కు ఒక పట్టుదల వచ్చింది. మక్కా, మదీనాల మధ్య దారిలో ప్రవక్త (స) ఎక్కడ ఆగి నమాజు చేశారో వెతుక్కుని అక్కడే ఆగి నమాజు చేసేవారు. ప్రవక్త (స) నీడకు కూర్చున్న ఒక చెట్టు ఎండిపోకూడదని వెళ్ళి నీళ్ళు పోసేవారట. మిగతా పెద్ద సహాబాలు ఇంతవరకు వెళ్ళలేదు. స్వయంగా వాళ్ళ నాన్నగారే జనం ఇలాంటి చోట్ల కోసం వెతకడాన్ని ప్రోత్సహించలేదు. మనవాళ్ళు ఇబ్నె ఉమర్ (రజి) గురించి చెప్పేటప్పుడు ఈ చెట్టు కథ చెప్పి ఆపేస్తారు. నాకైతే బజారు కథ అంతకంటే దగ్గరగా అనిపిస్తుంది.

తుఫైల్ అనే ఆయన రోజూ పొద్దున్నే ఇబ్నె ఉమర్ (రజి) దగ్గరికి వచ్చేవారు, ఇద్దరూ కలిసి బజారుకు వెళ్ళేవారు. పాత సామాన్ల వాడు కనిపించినా, పెద్ద వ్యాపారి కనిపించినా, బీదవాడు కనిపించినా ఇబ్నె ఉమర్ (రజి) ఆగకుండా సలాం చెప్పుకుంటూ పోయేవారు. ఒకరోజు తుఫైల్‌కు విసుగొచ్చింది. మీరు ఏమీ కొనరు, ధర కూడా అడగరు, ఎక్కడా కూర్చోరు, మరి బజారుకు ఎందుకు, ఇక్కడే కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు. తుఫైల్‌కు కాస్త బొజ్జ ఉండేది. ఓ బొజ్జాయనా అని సరదాగా పిలిచి, మనం వెళ్ళేదే సలాం కోసం, కనిపించిన వాళ్ళందరికీ సలాం చెబుదామని వెళ్తున్నాం అని ఇబ్నె ఉమర్ (రజి) జవాబిచ్చారు. మన వీధిలో కూరగాయల బండి అతనికి మనం ముందుగా సలాం చెప్పి ఎన్నాళ్ళయింది? నేనూ లెక్క చెప్పలేను.

కొనడానికి వెళ్ళిన రోజు సంగతి వేరు. అమ్మేవాడు, కొనేవాడు ఒకరినుంచి ఒకరు విడిపోయేదాకా బేరం రద్దు చేసుకునే హక్కు ఇద్దరికీ ఉంటుందన్న హదీసు ఆయన చెప్పిందే. అందుకని తనకు బాగా నచ్చిన వస్తువు కొన్నప్పుడు, బేరం ఖాయం కావాలని లేచి నాలుగడుగులు పక్కకు నడిచేవారట! బీకాంలో ఆఫర్, యాక్సెప్టెన్స్ అని సెక్షన్లు బట్టీ పట్టిన నాకు ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, ముచ్చటేసింది. ఇక్కడ విడిపోవడం అంటే మాటల్లో బేరం ముగియడమే అని మన హనఫీ ఉలమాలు అర్థం చెప్పారు, కాబట్టి అందరూ లేచి నడవాలని కాదు. ఆయన మాత్రం విన్నది విన్నట్టు కాళ్ళతో సహా పాటించారు.

వీలునామా విషయం కూడా అంతే. రాసిపెట్టాల్సిన ఆస్తి ఉన్న ముస్లిం తన వసియ్యత్ రాసి దగ్గర పెట్టుకోకుండా రెండు మూడు రాత్రులు గడపకూడదని ఆయన విన్నారు. విన్న నాటి నుంచి ఒక్క రాత్రి కూడా వసియ్యత్ లేకుండా పడుకోలేదని తానే చెప్పుకున్నారు. పని మీద నేను వెళ్ళిన ఇంటి తగాదాల్లో ఈ ఒక్క కాగితం ఉంటే పోలీస్ స్టేషన్ దాకా పోనివి ఎన్నో ఉన్నాయి. గడ్డం కొలత మీద వాదించుకునే అన్నదమ్ములే అబ్బా రాయని కాగితం మీద కొట్టుకుంటారు.

ఇంకోసారి మక్కా దారిలో ఒక పల్లెటూరి అరబ్బు ఎదురయ్యాడు. ఇబ్నె ఉమర్ (రజి) అతనికి సలాం చెప్పి, ఒంటె మీద అలసిపోయినప్పుడు ఎక్కడానికి తెచ్చుకున్న తన గాడిదను ఇచ్చేశారు. తల మీది తలపాగా కూడా తీసి ఇచ్చారు. వీళ్ళు కొంచెం ఇచ్చినా సంతోషించేవాళ్ళే కదా అని పక్కవాళ్ళు ఆశ్చర్యపోయారు. ఇతని తండ్రి మా నాన్నకు స్నేహితుడు, తండ్రి స్నేహితుల కుటుంబాలను చూసుకోవడం గొప్ప మంచితనమని ప్రవక్త (స) చెప్పగా విన్నాను అని ఆయన అన్నారు.

ఇవన్నీ చేసేవాడికి కూడా సంతోషాన్నిచ్చే సున్నత్‌లు. సొంత తప్పు బయటపడే చోట ఆయన ఎలా ఉన్నారో చూడండి. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన భార్యకు నెలసరి సమయంలో తలాఖ్ ఇచ్చారు. తండ్రి వెళ్ళి ప్రవక్త (స)ను అడిగారు. ప్రవక్త (స)కు కోపం వచ్చింది. ఆమెను వెనక్కి తీసుకోవాలి, శుద్ధి అయ్యి, మళ్ళీ నెలసరి వచ్చి, మళ్ళీ శుద్ధి అయ్యేదాకా ఉంచుకోవాలి, అప్పటికీ వద్దనుకుంటే ఆమెను తాకకముందే తలాఖ్ ఇవ్వవచ్చు అని ఆదేశించారు. తలాఖ్ ఎలా ఇవ్వకూడదో ఉమ్మత్ నేర్చుకున్నది ఈ సంఘటన నుంచే. తన పేరు దాచుకోకుండా ఈ విషయం చెప్పింది ఆయనే.

తండ్రి మాట అడ్డొచ్చిన సందర్భం కూడా ఉంది. ఒకే ప్రయాణంలో ఉమ్రా చేసి తర్వాత హజ్ చేసే తమత్తు పద్ధతి గురించి షామ్ నుంచి వచ్చిన ఒకాయన అడిగితే, సరైనదే అన్నారు. మీ నాన్నగారు వద్దన్నారు కదా అని అతను పట్టుకున్నాడు. మా నాన్న వద్దని, ప్రవక్త (స) చేసి ఉంటే ఎవరిని అనుసరించాలి నువ్వే చెప్పు అని ఎదురడిగారు. ఉమర్ (రజి) లాంటి తండ్రి ఉన్న కొడుకు ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

కొడుకు అడ్డొచ్చినప్పుడైతే ఊరుకోలేదు. ఆడవాళ్ళు మస్జిద్‌కు వెళ్తామంటే ఆపకూడదన్న హదీసు చెబుతుంటే, కొడుకు బిలాల్ మేం ఆపుతాం అన్నాడు. ఇబ్నె ఉమర్ (రజి) అతన్ని తిట్టిన తిట్లు అంతకుముందు ఎప్పుడూ వినలేదని ఇంకో కొడుకు సాలిం చెప్పారు. నేను ప్రవక్త (స) మాట చెబుతుంటే నువ్వు ఆపుతానంటావా అన్నదే ఆయన కోపం. ఆడవాళ్ళకు మస్జిద్‌లో చోటు గురించి మన ఊళ్ళలో ఇప్పటికీ వాదన నడుస్తోంది, ఉలమాలకు వాళ్ళ వాళ్ళ కారణాలు ఉన్నాయి. కానీ ఆ హదీసు విని తేలిగ్గా నవ్వేసే వాళ్ళు ఈ తండ్రి కోపాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోవాలి.

అలాగని తానే అంతా అనుకున్న మనిషి కాదు. ప్రవక్త (స) చేసిన నాలుగు ఉమ్రాల్లో ఒకటి రజబ్ నెలలో అని ఒకరోజు మస్జిద్‌లో చెప్పారు. పక్కనే గదిలో హజ్రత్ ఆయిషా (రజి) మిస్వాక్ చేసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. అడిగితే, అల్లాహ్ ఆయన్ని కరుణించుగాక, ప్రతి ఉమ్రాలో ఆయన కూడా ఉన్నారు, రజబ్‌లో మాత్రం ఏదీ జరగలేదు అన్నారామె. ఇబ్నె ఉమర్ (రజి) విన్నారు. అవునని అనలేదు, కాదని అనలేదు, మౌనంగా ఉండిపోయారు.

ముస్లింలు ముస్లింల మీదే కత్తులు దూసిన రోజులు వచ్చాక ఆయన ఏ పక్షాన్నీ నిలబడలేదు. మక్కాను హజ్జాజ్ ముట్టడించాడు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి)ను చంపి, అందరూ చూసేలా దేహాన్ని వేలాడదీశాడు. ఖురైషులు, మిగతా జనం ఆ దారిన పోతూ ఉన్నారు. ముసలితనంలో ఉన్న ఇబ్నె ఉమర్ (రజి) అక్కడ ఆగారు. ఆ దేహానికి మూడుసార్లు సలాం చెప్పారు. ఈ పని వద్దని నీకు ముందే చెప్పాను కదా అని మూడుసార్లు అన్నారు. నువ్వు ఉపవాసాలు ఉండేవాడివి, రాత్రుళ్ళు నమాజు చేసేవాడివి, బంధువులను చూసుకునేవాడివి అని అందరూ వినేలా సాక్ష్యం చెప్పి ముందుకు సాగారు. ఆ కబురు చేరాకే హజ్జాజ్ ఆ దేహాన్ని దించేయించాడు.

తర్వాత హజ్ రోజుల్లో మినాలో జన సమ్మర్దంలో ఒక బల్లెం మొన ఆయన అరికాల్లో దిగింది. హజ్జాజ్ పరామర్శకు వచ్చి, ఎవరు చేశారో తెలిస్తే శిక్షించేవాణ్ణి అన్నాడు. చేసింది నువ్వే, ఆయుధాలు పట్టకూడని రోజున పట్టించావు, హరమ్‌లోకి ఆయుధాలు తెచ్చావు అని ఆయన ముఖం మీదే చెప్పారు. ఆ గాయంతోనే మంచం పట్టి, హిజ్రీ 73 చివర్లోనో 74 మొదట్లోనో కన్నుమూశారు. ఎనభై దాటిన వయసు. అల్లాహ్ కోసం వదిలి వెళ్ళిన ఊరు కాబట్టి తనను హరమ్ హద్దుల బయట ఖననం చేయమని సాలింకు చెప్పి ఉంచారు. హజ్జాజ్ ఉన్న ఆ రోజుల్లో అది కుదరలేదు. మక్కాలోనే ఖననం చేశారు.