అంకె చూడని గణితావధాని

ఏడో తరగతిలో ఘాతాంకాల చాప్టర్ గుర్తుందా? ఆధారం ఒకటే అయితే గుణకారంలో ఘాతాంకాలు కూడాలి, భాగహారంలో తీసేయాలి, ఘాతానికి మళ్ళీ ఘాతం ఉంటే గుణించాలి. మనలో చాలామందికి ఇవి బోర్డు మీద రాస్తే తప్ప బుర్రకెక్కేవి కావు.

లక్కోజు సంజీవరాయశర్మ గారు బోర్డునే ఎప్పుడూ చూడలేదు. 1907 నవంబర్ 22న కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. అక్క బడి నుంచి వచ్చి పాఠాలు పైకి చదువుకుంటుంటే పక్కన కూర్చుని వినేవారు. ఆయనకు అదే పలక, అదే పుస్తకం. ఎక్కాలు అలాగే వచ్చాయి, లెక్కలూ అలాగే వచ్చాయి. వయొలిన్ కూడా నేర్చుకున్నారు.

1928లో నంద్యాలలో తొలిసారి గణితావధానం చేశారు. అష్టావధానంలో పృచ్ఛకులు పద్యాలు అడుగుతారు కదా, ఇక్కడ లెక్కలు అడుగుతారు. పెద్ద పెద్ద గుణకారాలు, ఘనమూలాలు, ఏదైనా అడగొచ్చు. పుట్టిన తేదీ, సమయం చెబితే ఆ రోజు వారం, తిథి, నక్షత్రం కూడా చెప్పేసేవారు. కాగితం లేదు, కలం లేదు. ఊరూరా వేల అవధానాలు చేశారు.

1966లో మన హైదరాబాద్‌లో జరిగిన అవధానంలో ఒకరు 2 పవర్ 103 ఎంత అని అడిగారు. ఆయన చెప్పిన జవాబు ఇది: 10141204801825835211973625643008. మొత్తం 32 అంకెలు.

దీన్ని మనం చేయాలంటే? 103 అంటే 100 ప్లస్ 3. కాబట్టి 2 పవర్ 100ని 8తో గుణిస్తే చాలు. 2 పవర్ 100 కావాలంటే 2 పవర్ 50ని వర్గం చేయాలి. ఆ 2 పవర్ 50 ఒక్కటే 16 అంకెలు! దారి చూపించేది ఏడో తరగతి సూత్రాలే, కానీ ఆ దారిలో నడవాలంటే అంకెలన్నీ తలలో చెదరకుండా నిలవాలి. 'సీ'లో లాంగ్ లాంగ్‌కి ఉన్నవి 64 బిట్లే, ఈ సంఖ్య అందులో పట్టదు. ఫోన్ కాలిక్యులేటర్లు చాలావరకు మొదటి కొన్ని అంకెలు చూపించి ఆగిపోతాయి. ఎన్ని అంకెలొస్తాయో మాత్రం లాగరిథమ్ చెబుతుంది. 103ని 0.30103తో గుణిస్తే 31.006, అంటే 32 అంకెలు.

శర్మ గారు చివరి రోజులు శ్రీకాళహస్తిలో గడిపి, 1997 డిసెంబర్ 2న కన్నుమూశారు. చూపులేని పిల్లాడికి చదువెందుకు అనుకునే కాలంలో, ఇంట్లో ఒక గొంతు పైకి చదవడం వల్ల మనకో గణితావధాని దొరికాడు. హాస్టల్లో పక్కవాడికి పాఠం పైకి చదివి చెప్పేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆదివారం నాంపల్లి స్టేషన్లో దిగి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఏడో తరగతి లెక్కల పుస్తకం ఎక్కడైనా కనబడుతుంది. ఘాతాంకాల పేజీ తీసి, కళ్ళు మూసుకుని 2 పవర్ 20 ఒక్కసారి ప్రయత్నించండి. ఏడు అంకెలే.