మద్దెల బొమ్మను కొలిచిన మహావీరాచార్యుడు

విద్యార్థులారా, లెక్కల పరీక్షలో చాలామంది వదిలేసే ప్రశ్న ఒకటుంది. రెండు మూడు ఆకారాలు కలిసిన బొమ్మ ఇచ్చి, కొలతల చోట అక్షరాలు పెట్టి, వైశాల్యం కనుక్కోమంటారు. సూత్రం గుర్తు రాలేదని పెన్ను కింద పెట్టేస్తారు. ఈసారి అలా జరిగితే, ఇదే పనిని మన కర్ణాటకలో 1100 ఏళ్లకు ముందే చేసిన మహావీరాచార్యుణ్ణి తలచుకోండి.

ఈయన తీర్థంకరుడైన వర్ధమాన మహావీరుడు కాదు. 9వ శతాబ్దపు జైన గణిత పండితుడు. అప్పుడు రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడు, ఇప్పటి కలబురగి జిల్లాలో ఉన్న మళఖేడ రాజధానిగా ఏలుతున్నాడు. కన్నడ పీరియడ్‌లో మీరు వినే కవిరాజమార్గం ఆ ఆస్థానంలో పుట్టిందే. మహావీరాచార్యుడు ఆ రాజును పొగుడుతూ మొదలుపెట్టి, సుమారు 850లో గణితసారసంగ్రహం రాశాడు. అందులో 1100కు పైగా సంస్కృత శ్లోకాలున్నాయి. నక్షత్రాల సంగతి పక్కనపెట్టి, లెక్కల కోసమే రాసిన పుస్తకం అది.

అందులో మద్దెల ఆకారం ఎలా కొలిచాడో చూడండి. మద్దెల పొడవు ప, రెండు చివరల వెడల్పు చ, మధ్య వెడల్పు మ అనుకోండి. చ, మ కలిపి సగం చేసి, పొడవుతో గుణించమన్నాడు. అంటే ప × (చ + మ) ÷ 2. ఇది ఎక్కడినుంచి వచ్చింది? బొమ్మను మధ్యలో అడ్డంగా కోస్తే రెండు సమలంబ చతుర్భుజాలు వస్తాయి. పొడవు 20, చివర 6, మధ్య 10 అయితే ఒక్కో ముక్క 80, మొత్తం 160.

కానీ మద్దెల పక్కలు వంపుగా ఉంటాయి కదా! గీతలు తిన్నగా గీస్తే ఆ వంపులో కొంత పోతుంది. అందుకే దీన్ని ఉజ్జాయింపు లెక్క అన్నాడు. సూక్ష్మ లెక్కకు ఇంకో దారి చెప్పాడు: మధ్యలో ప × చ దీర్ఘచతురస్రం, దానికి రెండు పక్కల విల్లు ఆకారాలు కలపాలి. నడుము సన్నగా ఉండే ఢమరుకం లాంటి బొమ్మకైతే అవే విల్లులు తీసేయాలి. చూశారా, కలపడం, తీసేయడం, అంతే.

ఆయన కూడా తప్పు చేశాడు. రుణసంఖ్యకు వర్గమూలం లేదని గమనించినవాడే, సున్నాతో భాగిస్తే సంఖ్య మారదని రాశాడు. అది తప్పు. ఐనా పుస్తకం నిలిచింది. తర్వాత పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మొదటి గణిత గ్రంథం అదేనంటారు. 1912లో మద్రాసులో రంగాచార్యులు మూలాన్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించారు.

కన్నడ నేల మీద పుట్టిన లెక్క తెలుగులోకి వచ్చి మనదైంది. ఇక్కడ తెలుగులో లెక్కలు చదివే మీరు దానికి వారసులు. కాబట్టి ప్రశ్న వదలకండి. ముందు బొమ్మను మీకు తెలిసిన ముక్కలుగా కోయండి. సూత్రం దానంతటదే వస్తుంది.