శబ్దాన్ని పెట్టెల్లో అమర్చిన రాబర్ట్ మోగ్



మన వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవిత విశేషాలు చదువుకోవడం మనకు ఆనవాయితీ. అంబేడ్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, కలాం గారి గురించి మన సీనియర్లు చక్కగా రాశారు. ఈసారి నేను ఒక వాద్య నిర్మాతను పరిచయం చేస్తున్నాను. సంగీత ప్రపంచమంతా ఎరిగిన పేరే అయినా మన తెలుగు పుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది. సినిమా పాటల్లో, పెళ్ళి బ్యాండు కీబోర్డుల్లో వినిపించే ఎలక్ట్రానిక్ శబ్దాల వెనుక ఆయన కృషి ఉంది.

ఆయన పేరు రాబర్ట్ మోగ్. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చాలామంది మూగ్ అంటారు గానీ, ఆ కుటుంబం పలికేది మోగ్ అనే. తెలుగులో గంట మోగుతుంది, డప్పు మోగుతుంది. పేరు కలవడం యాదృచ్ఛికమే, కానీ ఆయన చేసిన పనికి ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

మోగ్ 1934 మే 23న న్యూయార్క్ నగరంలో జన్మించారు. తండ్రి జార్జ్ విద్యుత్ కంపెనీలో ఇంజనీరు. తల్లికి కొడుకు గొప్ప పియానో విద్వాంసుడు కావాలని కోరిక. అందుకని చిన్నప్పటి నుంచే పియానో పాఠాలు చెప్పించింది. కుర్రవాడి మనసు మాత్రం ఇంటి అడుగున తండ్రి పెట్టుకున్న చిన్న వర్క్‌షాపు మీద ఉండేది. సోల్డరింగ్ ఐరన్ పట్టడం, తీగలు కలపడం అక్కడే తండ్రి దగ్గర నేర్చుకున్నారు. ఒకవైపు సంగీతం, మరోవైపు కరెంటు. ఈ రెండూ ఆయన జీవితంలో చివరిదాకా విడిపోలేదు.

1949 ప్రాంతంలో, ఇంకా హైస్కూలు విద్యార్థిగా ఉండగానే, ఒక పత్రికలో వచ్చిన నమూనా చూసి థెరిమిన్ అనే వాద్యాన్ని తయారుచేశారు. దీన్ని 1920 ప్రాంతంలో కనిపెట్టినవాడు లెవ్ థెరిమిన్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు. దీన్ని ముట్టుకోకుండానే వాయించాలి. నిలువు కడ్డీకి చేయి దగ్గరగా తెస్తే స్వరం పెరుగుతుంది, దూరం జరిపితే తగ్గుతుంది. మన చేయి కూడా సర్క్యూట్‌లో ఒక కెపాసిటర్‌లా పనిచేయడమే ఇందులో రహస్యం.

1954 నాటికే తండ్రీ కొడుకులు ఇంట్లోనే థెరిమిన్లు చేసి అమ్ముతున్నారు. మోగ్ చదువు మానలేదు. క్వీన్స్ కాలేజీలో భౌతికశాస్త్రం, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, పిహెచ్.డి. కోసం కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1961లో ట్రాన్సిస్టర్లతో పనిచేసే థెరిమిన్ డిజైన్‌ను ఒక పత్రికలో వివరంగా ప్రచురించారు. విడిభాగాలన్నీ కలిపి ఒక కిట్‌గా 49 డాలర్ల 95 సెంట్లకు పంపించారు. కొన్నవాళ్ళు ఇంట్లో కూర్చుని తామే బిగించుకోవాలి. అలాంటి కిట్లు సుమారు వెయ్యి అమ్ముడయ్యాయి. పరిశోధక విద్యార్థిగా ఆయన సంసారానికి ఆ డబ్బే పెద్ద ఆసరా అయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. డిజైన్ దాచుకుంటేనే లాభమని వ్యాపారులు అనుకుంటారు. మోగ్ డిజైన్ బయటపెట్టారు. దాన్ని చూసి బిగించినవాడికి వాద్యంతో పాటు విద్య కూడా దక్కింది.

1963 చివరిలో హెర్బర్ట్ డాయిష్ అనే సంగీత అధ్యాపకునితో పరిచయమైంది. ఆ రోజుల్లో ఎలక్ట్రానిక్ సంగీతం చేయడమంటే టేపును బ్లేడుతో కోసి, ముక్కలు అతికించడం. కొద్ది నిమిషాల సంగీతానికి వారాలు పట్టేది. 1964 వేసవిలో ఇద్దరూ కలిసి పనిచేశారు. అక్కడ పుట్టినదే మాడ్యులర్ సింథసైజర్.

మాడ్యూల్ అంటే ఒకే ఒక పని చేసే చిన్న పెట్టె. ఆసిలేటర్ అనే పెట్టె స్వరాన్ని పుట్టిస్తుంది. ఫిల్టర్ జల్లెడలాగా శబ్దంలో కొంత భాగాన్ని పోనిచ్చి, కొంత భాగాన్ని ఆపుతుంది. ఆంప్లిఫయర్ కుళాయి తిప్పినట్టు శబ్దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఎన్వలప్ జనరేటర్ అనే నాలుగో పెట్టె శబ్దం ఎంత వేగంగా లేవాలో, ఎలా ఆరిపోవాలో నిర్ణయిస్తుంది. మన పాతబస్తీ బారాత్‌లో మర్ఫా దెబ్బ ఒక్కసారిగా లేచి వెంటనే ఆరిపోతుంది. షెహనాయి స్వరం మెల్లగా లేచి, ఊపిరి ఉన్నంతసేపు నిలుస్తుంది. ఆ తేడా పేరే ఎన్వలప్.

ఈ పెట్టెలను తీగలతో మనకు నచ్చిన వరుసలో కలుపుకోవచ్చు. తీగ మారితే వాద్యమే మారిపోతుంది. మోగ్ ఆలోచనలో అసలు గొప్పదనం, ఒక పెట్టెను ఇంకొక పెట్టె వోల్టేజితో నడిపించడం. ఆయన పద్ధతిలో ఒక వోల్టు పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పెరుగుతుంది, అంటే కింది షడ్జమం నుంచి పై షడ్జమానికి చేరుతుంది. 440 కంపనాలు 880 అవుతాయి. ఈనాటికీ ప్రపంచంలో చాలామంది మాడ్యూల్ తయారీదారులు ఈ లెక్కనే పాటిస్తున్నారు. అందుకే ఒకరు చేసిన పెట్టె ఇంకొకరి పెట్టెతో మాట్లాడగలుగుతుంది.

1964 అక్టోబరులో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో తన మాడ్యూళ్ళ గురించి పరిశోధనా పత్రం సమర్పించారు. మరుసటి ఏడాది పిహెచ్.డి. పట్టా వచ్చింది. 1968లో వెండీ కార్లోస్ ఈ సింథసైజర్‌పై బాఖ్ సంగీతాన్ని వాయించి రికార్డు విడుదల చేయగా, దానికి మూడు గ్రామీ అవార్డులు దక్కాయి. మన దేశానికి కూడా మోగ్ యంత్రం త్వరగానే వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు దానితో ఒక స్టూడియో నెలకొల్పారు. గీతా సారాభాయ్ వంటివారు అక్కడ ప్రయోగాలు చేశారు. ఆ టేపుల్లోని సంగీతం దాదాపు యాభై ఏళ్ళు మరుగున పడి ఉండి, 2023లో విడుదలైంది.

1970లో తీగలు పీకి పెట్టే పని లేకుండా, చంకన పెట్టుకుని వెళ్ళగలిగే మినీమోగ్ వచ్చింది. వేదికల మీద అది ఒక వెలుగు వెలిగింది. కానీ కీర్తి వేరు, డబ్బు వేరు. మోగ్ గొప్ప ఇంజనీరే గానీ లెక్కల పుస్తకం చూసే వ్యాపారి కాదు. అప్పుల వల్ల 1971లో కంపెనీని ఇతరులకు అప్పగించవలసి వచ్చింది. సొంత పేరున్న కంపెనీలోనే ఉద్యోగిగా మిగిలి, 1977లో బయటికి వచ్చేశారు. అప్పటికి ఆయన పేరు కూడా ఆయనది కాదు. మోగ్ అనే పేరుతో వాద్యాలు అమ్మే హక్కు కంపెనీతోనే పోయింది.

మరొకరైతే అక్కడే ఆగిపోయేవారు. ఆయన నార్త్ కరోలినా కొండల్లోకి వెళ్ళి, 1978లో బిగ్ బ్రయర్ అనే చిన్న సంస్థ పెట్టి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఆష్‌విల్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం పాఠాలు చెప్పారు. మళ్ళీ థెరిమిన్లు, మళ్ళీ కిట్లు. చివరికి 2002లో తన పేరు తనకు దక్కింది. అప్పటికి ఆయనకు 68 ఏళ్ళు. మెదడులో కణితి కారణంగా 2005 ఆగస్టు 21న ఆష్‌విల్‌లో కన్నుమూశారు.

మిత్రులారా, ఈ జీవితంలో మనకు పనికివచ్చేది ఏమిటి? ఆయనకు ఇంజనీరు తండ్రి, ఇంట్లో వర్క్‌షాపు ఉన్నాయి. మనలో చాలామందికి అవి లేవు. ఆ తేడాను కప్పిపుచ్చి, కష్టపడితే అందరూ మోగ్‌లు అవుతారని నేను చెప్పను. కానీ మన ఇళ్ళలో పనిముట్లు లేవా? మా నాన్న బోరు మోటార్లకు వైండింగ్ చేస్తారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. రాగి తీగ ఎన్ని చుట్లు చుట్టాలో నాన్నకు వేళ్ళే చెబుతాయి. థెరిమిన్ లోపల ఉన్నవి కూడా అలాంటి తీగచుట్టలే. దరఖాస్తు ఫారంలో తండ్రి వృత్తి అనే గడిలో మనం కూలీ అని రాసే చాలా పనుల్లో ఇంజనీరింగ్ దాగి ఉంది. మోగ్ తండ్రి పనిని, విశ్వవిద్యాలయ చదువును ఒకే బల్ల మీద పెట్టుకున్నారు. మనం చదువుకున్నకొద్దీ ఆ పనికి దూరం కానవసరం లేదు.

ఉత్సాహం ఉన్న తమ్ముళ్ళకు ఒక చిన్న పని చెబుతాను. నయాపూల్ దాటి కోఠి గుజరాతీ గల్లీకి వెళితే ఎలక్ట్రానిక్ విడిభాగాలు దొరుకుతాయి. 40106 అనే నంబరు గల ఐ.సి. ఒకటి, లక్ష ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 9 వోల్టుల బ్యాటరీ తెచ్చుకోండి. ఐ.సి.లో ఆరు గేట్లుంటాయి. ఒక గేటు అవుట్‌పుట్ నుంచి దాని ఇన్‌పుట్‌కు రెసిస్టర్, ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు కెపాసిటర్ కలపండి. వాడని గేట్ల ఇన్‌పుట్లను గ్రౌండుకు కలిపేయండి. అవుట్‌పుట్‌ను ఇంకొక లక్ష ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఆంప్లిఫయర్ ఉన్న చిన్న స్పీకరుకు ఇస్తే అది మోగుతుంది. మొదటి రెసిస్టర్ స్థానంలో వెలుతురుకు మారే ఎల్.డి.ఆర్. పెడితే, చేతి నీడతో స్వరం మారుతుంది. ఇది మోగ్ ఆసిలేటర్ అంత కచ్చితమైనది కాదు, తొలిమెట్టు మాత్రమే.

రెండవ పాఠం కూడా మరువరాదు. పని ఎంత బాగా వచ్చినా, సంతకం పెట్టే కాగితం చదవడం కూడా రావాలి. మొదటి తరం పట్టభద్రులమైన మనకు ఇది మరీ అవసరం. మోగ్ తన పేరును తిరిగి పొందడానికి పాతికేళ్ళు పట్టింది.

మూడవది, నేర్చుకున్నది పంచడం. మన రూముల్లో ఒకడికి సోల్డరింగ్ వస్తే, పరీక్షలు అయ్యేలోపు నలుగురికి రావాలి. వచ్చే వార్షికోత్సవానికి మనం చేసిన పెట్టె ఒకటి వేదిక మీద మోగాలని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.