జోకిచి తకమినే

జపాను దేశమున తకఓకా పట్టణమందు 1854వ సంవత్సరమున జోకిచి తకమినే జన్మించెను. తండ్రి వైద్యుడు. తల్లి పుట్టినింటివారు బియ్యముతో సాకే యను మద్యమును చేయువారు. ఆవిరిపై ఉడికిన బియ్యము మీద కోజి యను బూజును పెంచుట ఆ వృత్తికి మూలము. ఆ బూజు బియ్యములోని పిండిని చక్కెరగా మార్చును. మనము మంచి పెరుగును తోడుకై దాచుకొనునట్లు, అచటివారు మేలైన బూజును ఎంచి, తరతరములుగా విత్తనమువలె కాపాడుకొనుచుండిరి.

తకమినే టోక్యోలో రసాయనశాస్త్రమును చదివి, పిమ్మట స్కాట్లండులోని గ్లాస్గోలో విద్య కొనసాగించెను. పాశ్చాత్యులు విస్కీ చేయుటకు బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టుదురు. దీనినే మాల్టు అందురు. ఇందలి డయాస్టేస్ అను ఎంజైము పిండిని చక్కెర చేయును. ఈ పనికి పెక్కు దినములు పట్టును. కోజియో, చవుకైన గోధుమ తవుడుపై రెండు మూడు దినములలో పెరుగును. మాల్టు చేయు పనిని బూజు చేయలేదా యని తకమినే తలపోసెను.

1890లో అతడు భార్యాబిడ్డలతో అమెరికాకు తరలి, పియోరియా నగరమున పని ప్రారంభించెను. పద్ధతి ఫలించెను, చిక్కులకును అదియే కారణమయ్యెను. మాల్టు చేసి బ్రతుకువారికి తమ జీవనోపాధి పోవునను భయము కలిగెను. ఆ భయము అకారణము కాదు. 1891లో తకమినే పనిశాల అగ్నికి ఆహుతి యయ్యెను. కాలేయవ్యాధి అతనిని మంచమెక్కించెను. విస్కీపై పెట్టుకొనిన ఆశ అడుగంటెను.

అయినను బూజు అతని చేత నుండెను. తవుడుపై దానిని పెంచి, నీటితో సారమును తీసి, అందు ఆల్కహాలు కలుపగా ఎంజైము విడివడి అడుగునకు దిగెను. 1894లో ఈ పద్ధతికి అమెరికాలో పేటెంటు లభించెను. పార్కు డేవిస్ సంస్థ ఆ పొడిని టాకా డయాస్టేస్ అను పేర అజీర్ణమునకు మందుగా అమ్మెను.

మేలైన బూజును ఏరుట నేడు సులభమే. పిండి కలిపిన పళ్లెములో బూజును పెంచి అయోడిన్ పోసినచో పిండి యున్నంత మేర నీలమగును. బూజు పిండిని కరగించినచోట నీలము రాదు. ఆ తెల్లని వలయము పెద్దదైన బూజునే శాస్త్రజ్ఞులు ఎన్నుకొందురు. సాకే చేయువారు కంటితోను ముక్కుతోను ఎన్నుకొనిరి.

1900లో సహాయకుడు కీజో ఉయెనాకాతో కూడి తకమినే అడ్రినలిన్‌ను స్ఫటికములుగా వేరుచేసెను. కీర్తి తకమినేకు దక్కెను. ప్రయోగశాలలో శ్రమించిన ఉయెనాకా పేరు చాలకాలము మరుగున నుండెను.

1922లో తకమినే న్యూయార్కున మరణించెను. అతని మాతామహుల యింటి కోజిబూజును 2006లో జపానులోని మద్యోత్పాదన శాస్త్రసంఘమువారు తమ జాతీయ బూజుగా ప్రకటించిరి.